ఎండిన మడుగునూ లెక్కలోకి తీసుకోవాలి

ఎండాకాలంలో మడుగు గట్టు మీద నిలబడి, ఇక్కడ చేపలు లేవని రాసుకురావడం కన్నా తేలికైన సర్వే మరొకటి ఉండదు. వానకు నిండి ఎండకు ఇంకిపోయే మడుగుల్లో బతికే చిన్న చేపలైన రుతు కిల్లీచేపల విషయంలో ఆ రాత శుద్ధ అబద్ధం. దక్షిణ బ్రెజిల్ గడ్డి మైదానాల్లోనూ, తూర్పు ఆఫ్రికా సవన్నాల్లోనూ బతికే ఈ జాతుల ఎదిగిన చేపలన్నీ నీటితోపాటే చచ్చిపోతాయి. మిగిలేది నెర్రెలిచ్చిన నేల, అందులో ఒకటి రెండు మిల్లీమీటర్ల గుడ్లు. ఆ కొన్ని నెలలూ జాతి మొత్తం ఉండేది ఆ మట్టిలోనే.

గుడ్డులో పిండం ఎదుగుదల మూడు దశల్లో ఆగిపోగలదని జీవశాస్త్రవేత్త జాన్ వూర్మ్స్ 1972లోనే వివరించారు. తొలి వానకు అన్నీ పొదగవు. కొన్ని మరో ఏటి కోసం ఆగుతాయి. రెండు జల్లులు కురిసి వాన మొహం చాటేసిన ఏడాది వంశం నిలబడేది వాటి వల్లే. పొదిగినవాటికి మాత్రం క్షణం తీరిక ఉండదు. మొజాంబిక్ మడుగుల్లో నోథోబ్రాంకియస్ ఫర్జెరి అనే కిల్లీచేప 14 రోజులకే గుడ్లు పెట్టే ఈడుకు వస్తుందని 2018లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. బ్రెజిల్‌లోని ఆస్ట్రోలెబియాస్ కిల్లీచేపల జంటలైతే తోక కూడా కనిపించనంతగా బురదలోకి దూరి, గుడ్లు పెట్టి పైకి వస్తాయి.

ఇలాంటి చేప సంఖ్యను ఒక్క వల విసిరి తేల్చేస్తామనడం దుస్సాహసం. మడుగు ఇంకుతున్నకొద్దీ చేపలు ఒకచోటికి చేరతాయి. వలకు ఎక్కువ పడతాయి. నిజానికి అవి రోజురోజుకూ తగ్గుతుంటాయి, కాగితం మీద మాత్రం పెరుగుతాయి! అందుకే పట్టిన లెక్క పక్కన ఆనాటి నీటి విస్తీర్ణం, లోతు తప్పక ఉండాలి. ఆడ, మగ చేపలను విడిగా లెక్కించాలి. ఆఫ్రికా మడుగుల్లో రంగురంగుల మగచేపలు ముందుగా తగ్గిపోయి, ఆడవే ఎక్కువగా మిగలడం మామూలే. అన్నిటికన్నా ముఖ్యం, మట్టిని పరీక్షించడం. గుడ్ల నిల్వ తెలియకుండా వేసే ఏ అంచనా అయినా సగం అంచనాయే.

బ్రెజిల్ 2014లో ప్రకటించిన అంతరించే జాతుల జాబితాలో అక్కడి కిల్లీచేపల కుటుంబమైన రివులిడేవే 120కి పైగా ఉన్నాయి. దక్షిణ బ్రెజిల్ తీరంలోని పాటోస్ లగూన్ (ఉప్పునీటి సరస్సు) పరిసరాల్లోని ఆస్ట్రోలెబియాస్ వోల్టర్‌స్టోర్ఫై పరిస్థితి అత్యంత విషమం. వరి సాగుకు తేమ నేలలను చదును చేయడం, మురుగు కాల్వలు తవ్వి నీటిని తోడేయడం, ఊళ్లు విస్తరించడం దీనికి కారణాలు. ఇవి అందరికీ కనిపించేవే. కనిపించని ముప్పు మంచి చేయబోయి చేసే చెరుపు. పశువుల నీటి కోసం మడుగును లోతుగా తవ్వి ఏడాది పొడుగునా నిండుగా ఉంచితే, వేటాడే చేపలు వచ్చి చేరతాయి. ఎండు కాలం కోసం కాచుకున్న గుడ్లకు ఆ కాలమే రాదు. నీళ్లు పోసి చేపను చంపడమంటే ఇదే.

అక్వేరియం ప్రియులు కొన్ని జాతులను తరతరాలుగా పెంచుతున్నారు. తడి పీట్‌లో (కుళ్లిన నాచు మట్టిలో) గుడ్లు ఉంచి పోస్టులో పంపుకుంటున్నారు కూడా. మెచ్చుకోదగ్గ పనే. అయితే గాజుతొట్టె మడుగుకు బదులు కాదు.

జాబితాలో పేరెక్కించి చేతులు దులుపుకుంటే సరిపోదు. కనీసం రెండు మూడు వానకాలాలు వరసగా చూడనిదే ఏ మడుగునూ ఖాళీ అని ప్రకటించకూడదు. ఎండిన మడుగులకు కూడా పటాల్లో హద్దులు గీయాలి. దక్షిణ బ్రెజిల్‌లో మడుగులు నిండేది మే, జూన్ ప్రాంతంలో. ఆగ్నేయ ఆఫ్రికాలో డిసెంబరు, జనవరి వానలకు. నిర్మాణ అనుమతుల దరఖాస్తులో సర్వే ఏ నెలలో జరిగిందో రాయడం తప్పనిసరి చేసి, ఎండు నెలల నివేదికలను తిప్పి పంపే అధికారం సంబంధిత శాఖలకు ఇవ్వాలి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, దరఖాస్తు ఫారంలో ఒక గడి చేరిస్తే చాలు.