నలభైల్లో మొదలెట్టిన నడక చివర్లో మంచాన పడే ఏళ్లు పెంచుతుందా?

వాట్సాప్ గ్రూపుల్లో తరచూ తిరిగే ఒక మెసేజ్ సారాంశం ఇది: "నలభై దాటగానే నడకలు, కసరత్తులు మొదలెట్టి ఏం సాధిస్తారు? చివర్లో ఇంకో పదేళ్లు మంచాన పడి ఉండటానికేగా! మోకాళ్లు బండి టైర్లలాంటివి, వాడేకొద్దీ అరుగుతాయి. మా తాత చుట్ట కాలుస్తూనే తొంభై ఏళ్లు బతికాడు. ఏ బాధా లేని బీపీకి మాత్రలెందుకు? అయినా యాభై దాటాక ఏం చేసినా ఒకటే." అయిదు మాటలు. అయిదూ తప్పే. వీటిని నమ్మి నడక మానేసేవాళ్లు, మాత్ర ఆపేసేవాళ్లు ఉన్నారు కాబట్టి ఒక్కోదానికీ జవాబు చెప్పాలి.

"ఎక్కువ బతికితే ఎక్కువకాలం మంచానే"

ఈ భయం పాతదే. 1980లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వైద్యుడు జేమ్స్ ఫ్రైస్ దీనికి ఎదురు వాదన పెట్టాడు. మంచి అలవాట్లు ఆయుష్షును కొంత పెంచుతాయి. ఒకరి మీద ఆధారపడే దశ మొదలవడాన్ని అంతకంటే ఎక్కువ వెనక్కి నెడతాయి. కాబట్టి ఆ చివరి దశ సాగదు, కుదించుకుపోతుంది అన్నాడు.

ఆ వాదనను తేల్చడానికి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1939-40లో చదివిన 1,741 మంది వివరాలు పనికొచ్చాయి. 1962లో, సగటున 43 ఏళ్ల వయసులో, వాళ్ల అలవాట్లు నమోదయ్యాయి. 1986 నుంచి ఏటా బట్టలు వేసుకోవడం, కుర్చీలోంచి లేవడం, నడవడం, తినడం లాంటి రోజువారీ పనుల్లో ఎంత ఇబ్బంది పడుతున్నారో అడిగి లెక్కగట్టారు. 1998లో ఫలితం అచ్చయింది. పొగతాగడం, అధిక బరువు, వ్యాయామం లేకపోవడం ఎక్కువగా ఉన్నవాళ్లలో పోగుపడిన వైకల్యం, ఈ మూడూ తక్కువగా ఉన్నవాళ్లకు రెట్టింపు. రెండోవాళ్లలో అసలు ఇబ్బంది మొదలవడమే అయిదేళ్లకు పైగా ఆలస్యమైంది. చనిపోయినవారిని విడిగా తీసి చూసినా తేడా అలాగే నిలిచింది. మెసేజ్‌లోని మొదటి మాట ఇక్కడే కూలిపోతుంది.

దీనికి ఒక న్యాయమైన ప్రశ్న ఉంది: ఒంట్లో బాగున్నవాళ్లే నడుస్తారేమో, నడకవల్ల బాగుండటం కాదేమో? ఇలాంటి పరిశీలనలతో ఆ అనుమానం పూర్తిగా తీరదు. చీటీలు తీసినట్టు మనుషుల్ని రెండు జట్లుగా విడగొట్టి చూడాలి. అదీ జరిగింది. ఒళ్లు కదలకుండా గడుపుతున్న 70-89 ఏళ్ల 1,635 మందిలో ఒక జట్టుకు నడక, కాళ్ల బలం పెంచే, తూలకుండా నిలబెట్టే వ్యాయామాలు నేర్పారు. రెండో జట్టుకు ఆరోగ్య పాఠాలు చెప్పారు. సగటున 2.6 ఏళ్ల తర్వాత, 400 మీటర్లు నడవలేని స్థితికి వచ్చినవాళ్లు పాఠాల జట్టులో 35.5 శాతం, వ్యాయామ జట్టులో 30.1 శాతం. 2014లో వచ్చిన ఫలితమిది. అద్భుతమేమీ కాదు. కానీ డెబ్బై దాటి మొదలెట్టినా వందలో అయిదుగురి నడక నిలిచింది.

"మోకాళ్లు టైర్లలాంటివి"

అయిదింటిలో ఎక్కువ హాని చేసే మాట ఇదే, ఎందుకంటే వినడానికి నిజంలా ఉంటుంది. టైరు ప్రాణంలేని రబ్బరు. మనం "గుజ్జు" అని పిలిచే మృదులాస్థి ప్రాణమున్న కణజాలం. దానికి రక్తనాళాలు లేవు. అడుగు వేసినప్పుడు స్పంజిలా నొక్కుకుని, కాలు ఎత్తినప్పుడు ఉబ్బుతుంది. ఆ కదలికలోనే కీలు ద్రవం నుంచి దానికి పోషణ అందుతుంది. కదలని మోకాలికి విశ్రాంతి దొరకదు, ఆకలే మిగులుతుంది. పైగా తొడ ముందు కండ సన్నబడితే అడుగు అదురంతా కీలు మీదే పడుతుంది.

స్టాన్‌ఫర్డ్‌లోనే దూరపు పరుగులు తీసే 45 మంది మోకాళ్లను, పరిగెత్తని 53 మంది మోకాళ్లను 1984 నుంచి 2002 వరకు ఎక్స్‌రేలు తీసి పోల్చారు. పరుగువాళ్లలో అరుగుదల ఎక్కువ కనిపించలేదు.

మోకాలిని నిజంగా దెబ్బతీసేవి వేరు: లిగమెంటుకు (ఎముకల్ని కలిపే పట్టీ), మెనిస్కస్‌కు (మోకాలి లోపలి మెత్త) తగిలిన పాత గాయాలు, ఏళ్ల తరబడి గొంతుక్కూర్చుని లేదా బరువులు మోసి చేసే పని, అన్నిటికన్నా ముఖ్యంగా ఒంటి బరువు. మోకాలి అరుగుదల ఉన్న స్థూలకాయులను కొలిస్తే, ఒక కిలో తగ్గినప్పుడు ప్రతి అడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గింది. అయిదు కిలోలు తగ్గితే అడుగుకు ఇరవై. ఒక కిలోమీటరులో ఒక్కో కాలు సుమారు 700 సార్లు నేల తాకుతుందనుకుంటే, ఒక్క మోకాలికే 14 టన్నులు తగ్గినట్టు. మన భారతీయులకు బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 23కు చేరితేనే అధిక బరువు కింద లెక్క. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్ల లోపు ఉండాలి.

నడక ఒక్కటే తొడ బలాన్ని నిలపదు, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఇంట్లో చేయగలిగింది కుర్చీ వ్యాయామం. చేతుల్లేని గట్టి కుర్చీని గోడకు ఆనించండి, కూర్చునే ఎత్తు సుమారు 43 సెంటీమీటర్లు. ముందుకు జరిగి కూర్చుని, పాదాలు భుజాలంత ఎడంగా, మడమలు మోకాళ్లకంటే కాస్త వెనక్కి పెట్టండి. చేతులు ఛాతీ మీద. ముందుకు వంగి లేవండి, మూడు నాలుగు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా కూర్చోండి. పదిసార్లు ఒక విడత. రెండు మూడు విడతలు, వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విరామం. జరిగే తప్పులు మూడు. దబ్బున కూలబడతారు, అసలు బలం వచ్చేదే నెమ్మదిగా దిగడంలో. మోకాళ్లు లోపలికి వాలనిస్తారు. లేచేటప్పుడు ఊపిరి బిగబడతారు, దాంతో బీపీ ఎగురుతుంది. కష్టమనిపిస్తే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి, తేలికయ్యాక తీసేయండి. మోకాలు వాచినా, వేడిగా ఉన్నా, మధ్యలో పట్టేసినా ఇది ఆపి డాక్టర్‌కు చూపించాలి.

ఇదే కుర్చీ కాళ్ల బలం పరీక్షకూ పనికొస్తుంది. 30 సెకన్లలో చేతులు ఆనించకుండా ఎన్నిసార్లు పూర్తిగా లేచారో లెక్కపెట్టండి. 60-64 ఏళ్లలో మగవారికి 14, ఆడవారికి 12 కంటే తక్కువ వస్తే సగటుకన్నా కింద ఉన్నట్టే.

"తాత చుట్ట కాల్చి తొంభై బతికాడు"

బతికినాయన కనిపిస్తాడు, ఆయనతో పుట్టి మధ్యలో పోయినవాళ్లు కనిపించరు. 1951లో మన దేశంలో సగటు ఆయుర్దాయం దాదాపు 32 ఏళ్లే. ఆ తాత పొలానికి నడిచాడు, నీళ్లు తోడాడు, నేల మీద కూర్చుని లేచాడు. మనకు మిగిలింది చుట్ట, పోయింది ఆ నడక. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అంగిలి క్యాన్సర్ తెచ్చిపెట్టిందీ ఆ తాతల కాలంలోనే. మానేస్తే ఏమొస్తుందో 1951 నుంచి బ్రిటిష్ డాక్టర్లను యాభై ఏళ్లు గమనించి తేల్చారు: 60లో మానితే సుమారు 3 ఏళ్లు, 50లో 6, 40లో 9 ఏళ్ల ఆయుష్షు తిరిగొస్తుంది.

"బాధ లేని బీపీకి మాత్రలెందుకు?"

బాధ లేకపోవడమే దాని గుణం. మంచాన పడేసే పక్షవాతం వెనక ఉండే పెద్ద కారణం ఇదే. నడివయసులో అదుపు తప్పిన బీపీ మతిమరుపు జబ్బుకూ (డిమెన్షియా) దారి తీస్తుంది. లాన్సెట్ వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో ఆ జబ్బుకు లెక్కించిన 14 కారణాల్లో దీన్ని చేర్చింది. కొలిచేటప్పుడు అరగంట ముందు నుంచి కాఫీ వద్దు. వీపు ఆనించి అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉంచి, నిమిషం ఎడంతో రెండుసార్లు కొలవండి. మాత్ర వేసుకున్నాక పై అంకె 120 వచ్చిందంటే జబ్బు పోయిందని కాదు, మాత్ర పనిచేస్తోందని. ఆపే ముందు రాసిన డాక్టర్‌ను అడగండి.

"యాభై దాటాక ఏం చేసినా ఒకటే"

1990లో బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో సగటున తొంభై ఏళ్ల పదిమందితో ఎనిమిది వారాలు కాళ్ల బరువు వ్యాయామం చేయించారు. ఒకరు మధ్యలో ఆగారు. మిగతావారి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టారు. చిన్న అధ్యయనమే, కానీ "ఒకటే" అన్న మాటకు అది చాలు. అందులోనే ఇంకో సంగతి కూడా ఉంది: వ్యాయామం ఆపిన నాలుగు వారాలకే బలం 32 శాతం తగ్గింది. ఊరెళ్లినా, పండగొచ్చినా ఆ కుర్చీని వారానికి రెండు రోజులు వదలకండి.