మెక్సికో సిటీలో ఫుడ్ గైడ్ దండగ అనడం తప్పు

అమెరికా నుంచి మెక్సికో సిటీకి ప్రయాణం పెట్టుకున్న మనవాళ్ల గ్రూపుల్లో ఒక సలహా పదే పదే తిరుగుతోంది. "స్ట్రీట్ ఫుడ్ టూర్ గైడ్‌కి డబ్బు తగలేయకండి. మ్యాప్‌లో రేటింగ్ చూసుకుని మీరే వెళ్లండి. గైడ్లు ఎలాగూ కమీషన్ ఇచ్చే కొట్లకే తీసుకెళ్తారు. వెజ్ వాళ్లకైతే టూర్ పూర్తిగా వేస్ట్." చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు కాబట్టి లాంగ్ వీకెండ్‌కి వెళ్లొచ్చేవాళ్లు చాలామందే. ఈ సలహా నమ్మితే వాళ్లలో ఎక్కువ నష్టపోయేది శాకాహారులే. అందుకే ఆఖరి మాట నుంచే మొదలుపెడతాను.

వెజ్ వాళ్లకే అక్కడ గైడ్ అవసరం ఎక్కువ. బండి దగ్గర మాంసం వద్దంటే పైన వేసే ముక్కలు మానేస్తారు, అంతే. వేయించి మెదిపిన బీన్స్‌లో చాలాచోట్ల పందికొవ్వు పడుతుంది. తమాలే (మొక్కజొన్న పిండిని ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించేది) పిండిని చాలావరకు పందికొవ్వు వేసే కలుపుతారు. అన్నం చికెన్ ఉడికించిన నీళ్లతో వండి ఉండొచ్చు. ఇవి కంటికి కనబడవు, బోర్డు మీద రాయరు, వీడియోలో చెప్పరు. ఆ బండి ఆవిడతో రోజూ మాట్లాడే మనిషైతే గిన్నెలో ఏ కొవ్వు వేసిందో అడిగి చెప్పగలడు.

అలాగని ఆ ఊళ్లో శాకాహారం కరువేం కాదు. మార్కెట్ల బయట ఆడవాళ్లు పెనం పెట్టుకుని త్లకోయోలు చేస్తుంటారు. సున్నపు నీళ్లలో ఉడికించిన మొక్కజొన్నను రుబ్బిన పిండి అది, చాలాసార్లు నీలిరంగు మొక్కజొన్న. ముద్ద మధ్యలో బీన్స్ కూరి, రెండు అరచేతుల మధ్య తట్టి, కోలగా చేసి పెనం మీద కాలుస్తారు. పైన ఉడికించిన నాగజెముడు ముక్కలు, ఉల్లిపాయ, కొత్తిమీర, చిదిమిన చీజ్, సల్సా. మన దగ్గర చేల గట్ల మీద ముళ్లకంచెగా పెరిగే నాగజెముడే అక్కడ ఇంటింటి కూర! గుమ్మడిపూలు పెట్టి మడిచి కాల్చిన మొక్కజొన్న రొట్టెలు, అంటే కెసడియాలూ దొరుకుతాయి. కానీ అదే బండి మీద ఒకటి ఉత్త పెనం మీద కాలుతుంటే, పక్కది కొవ్వులో వేగుతుండొచ్చు. ఏది తినొచ్చో తెలియక హోటల్‌కి వచ్చి చిప్స్‌తో కడుపు నింపుకునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

ఇక "రేటింగ్ చూసుకుంటే చాలు" అన్న మాట. శాన్ రఫాయెల్ పేటలోని ఎల్ కలీఫా దె లియోన్ అనే చిన్న టాకో (చిన్న రొట్టెలో మాంసమో కూరో పెట్టి మడిచి తినేది) కొట్టుకి 2024లో మిషెలిన్ స్టార్, అంటే రెస్టారెంట్లకి ఇచ్చే పేరున్న అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. అప్పటినుంచి రీల్స్ చూసినవాళ్లంతా అక్కడ క్యూ కడుతున్నారు. అక్కడ పేరు మోసింది బీఫ్ టాకో. చికెన్, మటన్ తిని బీఫ్ ముట్టనివాళ్లు మనలో ఎంతమంది లేరు? క్యూలో నిలబడి కౌంటర్ దాకా వెళ్లాక ఈ సంగతి తెలిస్తే ఏం లాభం?

రేటింగ్ వేళ సంగతి కూడా చెప్పదు. నిలువు చువ్వకి గుచ్చి కాల్చే అల్ పాస్తోర్ (అది పంది మాంసం) సాయంత్రం నుంచి రాత్రి దాకా తినేది. మటన్ ప్రియులు వెతకాల్సింది బార్బకోవా. గొర్రె మాంసాన్ని కిత్తనార మట్టలతో కప్పి, నేలలో తవ్విన గుంతలో రాత్రంతా మగ్గబెడతారు. అది ఎక్కువగా శని, ఆదివారాల పొద్దుటి తిండి, మధ్యాహ్నం వెళ్తే అయిపోయి ఉంటుంది. తియాంగీస్ అనే వారపు సంతలు రోజుకో వీధిలో పెడతారు. ఏ రోజు ఏ వీధిలో ఎవరి చెయ్యి బాగుంటుందో అక్కడ ఉండేవాళ్లకే తెలుస్తుంది.

కమీషన్ ఆరోపణ అందరికీ అంటగట్టడం అన్యాయం. కమీషన్ తీసుకునేవాళ్లు ఒక్కరూ లేరని నేననను. అయితే చాలా టూర్లలో తిండి ఖర్చు ఫీజులోనే కలిసి ఉంటుంది, బండివాడికి డబ్బు ఇచ్చేది గైడే. అనుమానం ఉంటే బుక్ చేసేముందే తిండి ఖర్చు కలిసే ఉందా, టూరిజం శాఖ గుర్తింపు కార్డు ఉందా అని అడగండి. బండి దగ్గర ఊరివాళ్లు నిలబడి తింటున్నారా లేదా అన్నది మీ కళ్లకే కనిపిస్తుంది.

ఖరీదు మాటకొస్తే, టాకో ధర పక్కన గైడ్ ఫీజు పెట్టి చూడటమే సరికాదు. ఆ ఫీజులో కొన్ని గంటల మనిషి సమయం, నాలుగైదు చోట్ల తిండి ఉన్నాయి. నలుగురు కుటుంబానికి అది భారమే, కాదనను. అందుకే మొదటి రోజు ఒక్కసారి తీసుకుంటే చాలు. మిగతా రోజులు అతను చూపించిన బండ్ల దగ్గరికే మీరు సొంతంగా వెళ్లొచ్చు. బుక్ చేసేటప్పుడు మాత్రం "వెజిటేరియన్" అని ఒక్క మాట రాసి ఊరుకోకండి. పందికొవ్వు, చికెన్ నీళ్లు, చేప, బీఫ్, గుడ్డు, వీటిలో మీరు ఏవి ముట్టరో పేరుపేరునా రాసి పంపండి.