‘గదిలో జరిగేది దేవునికీ ఆయనకీ మధ్య విషయం’ అనేవారికి జవాబు

ఎవరైనా ఒక దైవసేవకుని (పాస్టరు) రహస్య జీవితం బయటపడినప్పుడల్లా క్రైస్తవ వాట్సాప్ గ్రూపుల్లో ఒకే సందేశం చిన్నచిన్న మార్పులతో మళ్ళీ తిరుగుతుంది. దాని సారం ఇది: దేవుడు హృదయాన్ని చూస్తాడు కాబట్టి నాలుగు గోడల మధ్య జరిగినది దేవునికీ ఆయనకీ మధ్య విషయం, దావీదు అంతటివాడు పడిపోయినా దేవుడు వాడుకున్నాడు, ఆయన ద్వారా రక్షణ పొందినవారిని చూడండి, అభిషిక్తుని ముట్టవద్దు, సాక్షులు లేకుండా దోషారోపణ చేయవద్దు. ప్రతి మాటకూ ఒక వాక్యాధారం ఉన్నట్టే కనిపిస్తుంది కాబట్టి మంచి విశ్వాసులు కూడా దీన్ని ముందుకు పంపుతున్నారు. ఆ వాక్యాలను వాటి అధ్యాయాల్లో పెట్టి చదివితే మాత్రం అవి ఈ వాదనకే ఎదురు నిలుస్తాయి.

మొదటి మాటకు ఆధారం 1 సమూయేలు 16:7. "మనుష్యులు పైరూపమును లక్ష్యపెట్టుదురుగాని యెహోవా హృదయమును లక్ష్యపెట్టును" అని దేవుడు చెప్పినది దావీదు అన్న ఏలీయాబు ఎత్తును చూసి ఇతడే రాజు అనుకున్న సమూయేలు ప్రవక్తతో. అక్కడ హృదయానికి ఎదురుగా ఉన్నది పైరూపమే గాని క్రియలు కావు. పైగా ఎవరూ చూడనప్పుడు చేసే పని హృదయానికి అత్యంత దగ్గరగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ మెప్పు ఆశ లేదు, నలుగురి భయం లేదు, మనిషి నిజంగా కోరుకున్నదే అతన్ని నడిపిస్తుంది. మత్తయి 6వ అధ్యాయంలో యేసు దానధర్మం, ప్రార్థన, ఉపవాసం మూడింటినీ రహస్యమందు చూచే తండ్రి ఎదుటనే నిలబెట్టాడు. తలుపు వేసుకుని చేసే ప్రార్థన విశ్వాసిని కడుతుందని ప్రతి ఉపవాస కూడికలోనూ బోధించే మనం, అదే తలుపు వెనుక చేసిన పాపం మాత్రం అతన్ని తాకకుండా పోతుందని ఎలా అనగలం?

ఇక దావీదు. ఈ సందేశం పంపేవారికి ఆయన పేరు ఒక క్షమాపణ పత్రంలా పనికివస్తోంది, కానీ 2 సమూయేలు 11వ అధ్యాయం చెప్పేది తన సైనికుడు ఊరియా భార్యతో ఆయన చేసిన పాపం గురించి మాత్రమే కాదు, ఆ పాపం దాచుకున్న మనిషి ఏమైపోయాడన్నదాని గురించి. ఏన్గెదీ గుహలో తనను తరుముతున్న సౌలు రాజు వస్త్రపు చెంగును కోసినందుకే మనస్సు నొచ్చుకున్నవాడు దావీదు. ఆ మనిషే ఇప్పుడు ఆమె గర్భాన్ని కప్పిపుచ్చడానికి ఊరియాను యుద్ధం నుంచి పిలిపించి, తాగించి, అదీ పనిచేయకపోయేసరికి అతని మరణాజ్ఞను ఉత్తరంగా రాసి అతని చేతికే ఇచ్చి పంపాడు. ఊరియా చనిపోయాడన్న వార్త వచ్చినప్పుడు, ఖడ్గం ఒకసారి ఒకరిమీద, మరోసారి మరొకరిమీద పడుతుందిలే అన్న అర్థంలో సేనాధిపతి యోవాబుకు ఓదార్పు కబురు పంపాడు. చెంగు కోసినందుకు నొచ్చిన మనస్సు ఎక్కడికి పోయింది? అతన్ని నిలదీయడానికి నాతాను ప్రవక్త వచ్చేసరికి బిడ్డ కూడా పుట్టాడు. అంటే ఆ నెలలన్నీ రాజు సింహాసనం మీద కూర్చుని న్యాయం తీరుస్తూనే ఉన్నాడు. పేదవాని ఒక్క గొఱ్ఱెపిల్లను లాక్కున్న ధనవంతుని కథ నాతాను చెప్పగానే ఆ ధనవంతుడు మరణపాత్రుడని మండిపడ్డాడు. దాచిన పాపం అతనిలోని కోపాన్ని చల్లార్చలేదు, దాన్ని ఇతరులమీదికి మళ్ళించింది. పాపాన్ని గట్టిగా ఖండించే ప్రసంగం విని ఆ ప్రసంగీకుని జీవితం శుభ్రంగా ఉందని నమ్మేవారు ఈ సంగతి దగ్గర కాసేపు ఆగాలి.

దేవుడు దావీదును క్షమించాడు, నిజమే. కానీ దావీదు రహస్యంగా చేసినదానికి బదులు ఇశ్రాయేలీయులందరి ఎదుట, పట్టపగలు జరుగుతుందని నాతాను చెప్పాడు. తరువాత ఆయన కుమారుడు అబ్షాలోము మేడమీద వేసిన గుడారంలో అందరూ చూస్తుండగా తండ్రి ఉపపత్నుల దగ్గరికి వెళ్ళినప్పుడు అది నెరవేరింది. యాభై ఒకటో కీర్తనలో దావీదు అడిగినది కూడా క్షమాపణ ఒక్కటే కాదు. తనలో శుద్ధహృదయం కలుగజేయమన్నాడు. తన హృదయానికి ఏమీ కాలేదని అనుకునేవాడు ఆ మాట అడగడు.

ఫలాల వాదన మరీ ప్రమాదకరం. ప్రవచించాం, దయ్యాలను వెళ్ళగొట్టాం, అద్భుతాలు చేశాం అని ఆ దినాన చెప్పుకునే అనేకులకు ‘మిమ్మును ఎన్నడును ఎరుగను’ అని యేసు ఇచ్చే జవాబు మత్తయి 7లో ఉంది కాబట్టి దాన్ని ఇక్కడ విస్తరించను. మన కాలంలోనే ఒక ఉదాహరణ ఉంది. మద్రాసులో పుట్టి ప్రపంచమంతటా క్రైస్తవ విశ్వాసం తరఫున వాదించిన రవి జకరయాస్ 2020 మే నెలలో గొప్ప గౌరవాల మధ్య కన్నుమూశారు. 2021 ఫిబ్రవరిలో ఆయన సంస్థే నియమించిన న్యాయవాదుల నివేదిక ఆయన అనేక ఏళ్ళపాటు మసాజ్ చేసే మహిళలపై లైంగిక దుష్ప్రవర్తనకు పాల్పడ్డారని తేల్చింది. 2017లో ఒక మహిళ మాటను కాదని ఆయన మాటనే నమ్మిన బోర్డు ఆమెకు క్షమాపణ చెప్పవలసి వచ్చింది. ఆ నివేదికలో ఒక సాక్షి చెప్పినది మరింత భయంకరం: ఈ విషయం బయటపెడితే లక్షలాది ఆత్మలు నశించడానికి నీవే బాధ్యురాలివి అని ఆయన ఆమెను హెచ్చరించారట. అంటే ‘ఆయన ఫలాలు చూడండి’ అన్న వాదనను అభిమానులకంటే ముందు ఆయనే ఆమె నోరు నొక్కడానికి వాడారు. రహస్య జీవితాన్నీ పరిచర్యనూ విడదీయవచ్చని చెప్పేవారు దీనికి ఏం జవాబిస్తారు?

‘అభిషేకించినవారిని ముట్టకుడి’ అన్న 105వ కీర్తన మాట అబ్రాహాము వంటి పితరులను రాజుల బారినుండి కాపాడిన సందర్భంలోనిది, గెరారు రాజు అబీమెలెకు సంగతి అందుకు ఒక ఉదాహరణ. ఆ సంగతి ఉన్న ఆదికాండము 20వ అధ్యాయంలోనే అబీమెలెకు, భార్యను చెల్లెలని చెప్పిన అబ్రాహామును పిలిచి, నీవు మాకు చేసిన పని యేమిటని నిలదీశాడు. అలా నిలదీసినందుకు దేవుడు అతన్ని గద్దించలేదు.

చివరి అభ్యంతరంలో కొంత న్యాయం ఉంది. పుకార్లతో సేవకుల పరువు తీసేవారు మన సంఘాల్లో లేకపోలేదు, ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉంటేనే తప్ప సంఘ పెద్దమీద దోషారోపణ అంగీకరించవద్దని పౌలు తిమోతికి రాసిన మాట అందుకే ఉంది. ఆ సందేశం 1 తిమోతి 5:19ని ఎత్తి చూపి అక్కడితో ఆపేసింది. ఇరవయ్యో వచనంలో పౌలు పాపం చేసేవారిని అందరి ఎదుట గద్దించమన్నాడు, ఇరవై ఒకటో వచనంలో ఆ పని పక్షపాతం లేకుండా చేయాలని దేవుని ఎదుట, క్రీస్తుయేసు ఎదుట, ఏర్పరచబడిన దేవదూతల ఎదుట ఆన పెట్టాడు.