చిట్టి చుట్టుకొలత

మా అమ్మాయి వాళ్ళింట్లో పంది ఉంది. ఈ మాట విశాఖలో మా వీధివాళ్ళకి చెప్పే ధైర్యం లేక "పెట్ ఉంది" అని ఊరుకున్నాను. అందరూ కుక్క అనుకున్నారు. నేను దిద్దలేదు.

డాలస్‌లో దిగిన రోజు అది హాల్లో సోఫా పక్కన పడుకుని ఉంది. నేను మొదట ఇంకో సోఫా అనుకున్నాను. పేరు చిట్టి. కొన్నప్పుడు రెండు అరచేతుల్లో ఇమిడిపోయిందట. "టీకప్పు పంది సార్, పెరగదు, కావాలంటే తల్లిదండ్రుల్ని చూడండి" అని అమ్మినవాడు చూపించాడు కూడా. అవీ చిన్నవే. పందులు ఏడాది నిండకుండానే పిల్లల్ని పెట్టగలవనీ, నాలుగైదేళ్ళ వయసు దాకా పెరుగుతూనే ఉంటాయనీ అతను చెప్పలేదు, మా అల్లుడు అడగలేదు. మన పెళ్ళిచూపులే నయం.

మా ఆవిడ మొదటి రోజు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. రెండో రోజు "కంపేమీ లేదే!" అంది. మూడో రోజు "ఎంతైనా వరాహం కదండీ, మన సింహాచలం అప్పన్న" అంటూ అరటిపండు వొలిచింది.

చిట్టి తిండికి లెక్కుంది. పూటకో కప్పు ఫీడు గుళికలు, కాసిని ఆకుకూరలు, అంతే. ఆ గుళికలు కూడా గిన్నెలో పొయ్యరు, పెరట్లో గడ్డి మీద చల్లుతారు. ముట్టెతో వెతుక్కుని తింటే కాస్త ఒళ్ళు కదులుతుందని.

కాటా ఎక్కించబోతే గొంతు కోస్తున్నట్టు అరుస్తుంది కాబట్టి బరువు టైలర్ టేపుతో చూస్తారు. ముందుకాళ్ళ వెనక చుట్టుకొలత అంగుళాల్లో తీసుకుని, దాన్ని దాంతోనే గుణించి, చెవుల మధ్య నుంచి తోక మొదలు దాకా ఉన్న పొడవుతో మళ్ళీ గుణించి, 400తో భాగిస్తే బరువు పౌన్లలో వస్తుంది. ఈ డ్యూటీ మా మనవరాలిది. మేం వెళ్ళిన వారం చుట్టుకొలత 34, పొడవు 32. అంటే 92 పౌన్లు, మన లెక్కలో 42 కిలోలు. రెండు నెలలయ్యాక పొడవు అదే 32, చుట్టుకొలత మాత్రం 36. బరువు 103 దాటింది.

"ఎవరు పెడుతున్నారు?" అంది మా అమ్మాయి. అందరం చిట్టి వైపు చూశాం, అదేదో వంట చేసుకుంటున్నట్టు.

నా సంగతి చెప్పేస్తాను. నాకు షుగరు. రాత్రి పదకొండింటికి జంతికల డబ్బా మూత చప్పుడు కాకుండా తియ్యడం నలభై ఏళ్ళ కాపురంలో నేను సాధించిన ఏకైక విద్య. మా ఆవిడకి వినపడదు. చిట్టికి వినపడేది. చీకట్లో టక్కు టక్కుమని గిట్టల చప్పుడు, తర్వాత నా పిక్క మీద చల్లగా, తడిగా, ఆఫీసులో రబ్బరు స్టాంపు వేసినట్టు ముట్టె. ఇవ్వకపోతే కీచుమంటుంది, ఇల్లంతా లేస్తుంది. సర్వీసులో ఉండగా ఒక్కరికీ లంచం ఇవ్వనివాణ్ణి, పందికి ఇచ్చాను. నాలుగు ముక్కలు నాకు, రెండు దానికి.

వెటర్నరీ డాక్టరమ్మ చిట్టి తుంటి నొక్కి చూసి ఎముక తగలట్లేదంది. కళ్ళ మీదికి కొవ్వు ముడతలు దిగుతున్నాయనీ, ఇలాగే వదిలేస్తే కళ్ళు మూసుకుపోయి చూపే ఆనదనీ చెప్పింది. "ఉప్పు తిండి గానీ పెడుతున్నారా? నీళ్ళు చాలకపోతే ప్రాణం మీదికొస్తుంది" అంది. ఏసీలో నాకు చెమట పట్టింది.

తిరిగొస్తుంటే కార్లో ఒక్కొక్కరం బయటపడ్డాం. నా జంతికలు, మా ఆవిడ అరటిపళ్ళు, అల్లుడి పిజ్జా అంచులు, మనవరాలి లంచ్ బాక్సులో రోజూ "అయిపోయిన" ఆపిల్ ముక్కలు. ప్రతివాళ్ళూ ఒకటే మాట: "నేనొక్కణ్ణే కదా అనుకున్నా." వెనక సీట్లో చిట్టి హాయిగా గుర్రు పెడుతోంది.

జంతికల డబ్బా గరాజ్‌లో అటక ఎక్కింది. పొద్దున్నే గుళికలు చల్లడం, దాంతోపాటు పెరట్లో ఇరవై చుట్లు తిరగడం నాకు అప్పగించారు. అన్నం కూడా కప్పుతో కొలిచే వడ్డిస్తున్నారు. కప్పు వేరేదేనని మా ఆవిడ ఒట్టేసింది.

ఆదివారం చిట్టి కొలతలు అయ్యాక మనవరాలు టేపు చుట్టలేదు. నా దగ్గరికొచ్చి పొట్ట చుట్టూ తిప్పి, కాగితం మీద 42 అని వేసుకుంది. తర్వాత చెవుల దగ్గర టేపు పట్టుకుని, వీపు మీదుగా కిందికి దింపుతూ ఆగిపోయింది.

"తాతయ్యా, నీ తోక మొదలు ఎక్కడనుకోవాలి?"