పాత కార్ల షోరూమ్ గారికి, అయస్కాంతం జతచేసి

మహారాజశ్రీ పాత కార్ల షోరూమ్ గారి దివ్య సముఖమునకు, కారు కొనేముందు దాని కిందికి దూరి చూసే దురలవాటున్నవాళ్లం రాసుకున్న విన్నపం. ఉభయకుశలోపరి.

ఇక్కడ మేం క్షేమం. పసుపు దీపాల కింద నిలబెట్టిన అంబాసిడర్, పద్మిని, హెరాల్డ్ గార్లు కూడా క్షేమమేనని అద్దం మీద అట్టముక్క పెట్టారు. ‘ఒరిజినల్ పెయింట్. సింగిల్ ఓనర్. ఏ పనీ అక్కర్లేదు.’ చాలా సంతోషం. అయితే ఆ గాజు గోడకు వెనకవైపే మీ సర్వీసింగ్ షెడ్డు ఉంది. అమ్ముడుపోయిన నెలన్నరకి అదే కారు అక్కడికి చేరుతుంది, జాబ్‌కార్డు రెండు పేజీలవుతుంది. ముందుగదిలో అట్ట రాసేవారికీ వెనక షెడ్డులో జాబ్‌కార్డు రాసేవారికీ మాటల్లేవా అండీ? ఒకే ఇంట్లో ఉంటూ పొయ్యిలు వేరు పెట్టుకున్న అన్నదమ్ముల్లా ఉన్నారు.

ముందు ఆ ఒరిజినల్ పెయింట్ సంగతి. ఫ్యాక్టరీ రంగు మందం మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) దగ్గర ఉంటుంది. మళ్లీ వేయిస్తే 250, 300కి చేరుతుంది. మందం కొలిచే మీటరు 1000 దాటిందంటే అది రంగు కాదు, లప్పం. మీ దగ్గర మీటరు పెట్టనివ్వరు, గీతలు పడతాయంటారు. చౌమహల్లాలో నిజాం గారి 1912 నాటి రోల్స్ రాయిస్‌ని చూసినంత భక్తిగా మీ పద్మినిని కూడా దూరంనుంచే చూసుకోమంటారు. అందుకే ఈ ఉత్తరంతో పాటు ఒక అయస్కాంతం పంపుతున్నాం. ఫ్రిజ్ తలుపుకి అంటించే పలచని రకమే, మెత్తటి గుడ్డలో చుట్టాం, గీత పడదు. అంబాసిడర్ వెనక మడ్‌గార్డు మీద, చక్రానికి పైన పెట్టండి. అతుక్కుంటుంది. రెండంగుళాలు కిందికి జరపండి. టప్పున జారి పడిందా, అక్కడితో అంబాసిడర్ పుట్టిన ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ రేకు అయిపోయిందన్నమాట.

లప్పం మీద మాకు పగేమీ లేదు. సొట్ట సరిచేశాక పైపైన ఒకటి రెండు మిల్లీమీటర్లు పూస్తే ఏ టింకరింగ్ మేస్త్రీ తప్పుపట్టడు. తుప్పు తిన్న చిల్లులో పేపరు కుక్కి పైన మెత్తితేనే చిక్కు. లప్పం తడి పీలుస్తుంది, వెనక రేకు ఇంకా కుళ్లుతుంది, ఒక వానాకాలం తిరిగేసరికి రంగు కింద పొక్కులు లేస్తాయి.

పైగా అంబాసిడర్‌కి విడిగా చాసిస్ లేదు. బాడీయే ఎముకల గూడు. తలుపుల కింద పొడుగునా ఉండే పెట్టెలాంటి రేకు, వెనక కమాన్‌పట్టీలు బిగించే చోటు, డిక్కీ అడుగు, ఈ మూడూ పోతే మిగిలేది చక్రాల మీద నిలబడ్డ రంగు. కొనేవారు చేయాల్సిన పని చిన్నది. ముందు తలుపు ఒకసారి తెరిచి వేసి చూడాలి. తర్వాత అదే పక్క జాకీ ఎత్తి, చక్రం నేల వదిలాక మళ్లీ తెరిచి వేయాలి. ఈసారి తలుపు అంచు స్తంభానికి తగిలినా, పై సందు సన్నబడి కింది సందు వెడల్పయినా బండి నడుం విరిగినట్టే. మీ షోరూమ్‌లో జాకీ ఎందుకు కనబడదో ఇప్పుడర్థమైంది.

ఇక ‘వింటేజ్’ అనే మాట. 1989 కాంటెస్సా మీద ఆ స్టిక్కరు చూసి కాసేపు లెక్కలేసుకున్నాం. 2021 జులైలో కేంద్ర మోటారు వాహన నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటితేనే వింటేజ్. కాంటెస్సా పుట్టిందే 1984లో. మీ బండికి ఆ యోగం 2039లో పడుతుంది. అప్పటిదాకా అది ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి ఆర్సీ రెన్యువల్ చేయించుకోవాల్సిన మామూలు పాత కారే.

నిజంగా 50 దాటిన బండి గురించి మీ సేల్స్ బాబు చెప్పేది ఇంకా అందంగా ఉంటుంది. వింటేజ్ బళ్లకిచ్చే వీఏ నంబరు తీసుకుంటే రాజాలా తిరగొచ్చట, పెళ్లిళ్లకి అద్దెకిస్తే పెట్టుబడి తిరిగొస్తుందట. బాబూ, ఆ నంబరుకి కొత్తగా కట్టేది 20,000 రూపాయలు, చెల్లుబాటు పదేళ్లు, తర్వాత రెన్యువల్‌కి 5,000. ఆ నంబరుతో రోడ్డెక్కేది ప్రదర్శనకి, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకి, పెట్రోలు పోయించుకోవడానికి, రిపేరుకి మాత్రమే. అద్దెకి తిప్పడం కుదరదు, రోజూ ఆఫీసుకి వెళ్లడమూ కుదరదు. ఇంకో మెలిక కూడా ఉంది. చాసిస్‌లోగానీ బాడీలోగానీ ఇంజన్‌లోగానీ మార్పు చేసిన బండి ఈ లెక్కలోకి రాదు. ‘ఇసుజు ఇంజన్ వేయించాం సార్, రాకెట్!’ అని మీరు గొప్పగా చెప్పే మార్క్ టూ అంబాసిడర్ ఆ ఒక్క వాక్యంతో అర్హత పోగొట్టుకుంది. ఆ ఇంజన్ నంబరు ఆర్సీలో ఎక్కించారా అని అడిగితే సేల్స్ బాబుకి ఫోనొస్తుంది.

షెడ్డులోకి వద్దాం. అక్కడ పానాల పెట్టె ఒకటే, అన్నీ మిల్లీమీటర్లవే. పద్మిని ఇటలీ సంతతి, దానికి సరిపోతాయి. అంబాసిడర్ ఇంగ్లండ్ సంతతి, దాని ఇంజన్ బోల్టులు అంగుళాల లెక్క. తొమ్మిది బై పదహారు అంటే 14.29 మిల్లీమీటర్లు. 14 పానా ఎక్కదు, 15 పానా తిరుగుతుంది. మీ కుర్రాడు 15 పెట్టి, రాకపోతే పైపు తొడిగి లాగుతాడు. బోల్టు తల గుండ్రమైపోతుంది. తర్వాత ఉలీ సుత్తీ వస్తాయి, ఆ తర్వాత బిల్లులో ‘బోల్టు జామ్, అదనపు లేబరు’ అని ఒక వరస వస్తుంది.

మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కి మీరు చేసే సేవ ఇంకా ఘాటు. ముందు చక్రాల దగ్గర ట్రనియన్ అని ఇత్తడి ముక్క ఉంటుంది, అందులో ఉక్కు కడ్డీ మరలా తిరుగుతుంది. దానికి పోయాల్సింది ఈపీ 90 గేరాయిల్. గ్రీజు నిపిల్ కనబడిందిగదా అని మీవాళ్లు గ్రీజు గన్ పెట్టి నొక్కుతారు. గ్రీజు మర లోపలికంటా చేరదు, ఎండి గట్టిపడుతుంది, పక్కనుంచి నీళ్లు దిగుతాయి, ఉక్కు తుప్పు పడుతుంది. ఒకరోజు గేటు దగ్గర నెమ్మదిగా తిప్పుకుంటుంటే కడ్డీ విరిగి, చక్రం మడత మంచంలా కిందికి ముడుచుకుంటుంది. నెమ్మదిగా తిప్పినప్పుడే విరిగితే అదృష్టం. హైవే మీద కూడా విరుగుతుంది.

మీ జాబ్‌కార్డులో మాకు బాగా నచ్చిన పదం ‘ఓకే’. డెల్కో ఓకే, ట్యాపెట్లు ఓకే, కంప్రెషన్ ఓకే. ఓకే అనేది ఎన్ని అంగుళాలండీ? అంబాసిడర్ 1489 సీసీ ఇంజన్‌కి డెల్కోలోని పాయింట్ల సందు 0.015 అంగుళం, వాల్వులు తెరిచే ట్యాపెట్ల సందూ అంతే. ఎంత ఉంది, ఎంతకి పెట్టాం అని రెండంకెలు రాస్తే సిరా ఖర్చు ఎక్కువేం కాదు. కంప్రెషన్ (సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి) అయితే నాలుగు సిలిండర్లకీ నాలుగంకెలు కావాలి. పక్కపక్కన రెండు తగ్గితే హెడ్ గ్యాస్కెట్‌ని అనుమానించాలి. ఒక్కటే తగ్గితే అందులో చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్లీ చూడాలి. అంకె పెరిగితే పిస్టన్ రింగులు పోయినట్టు, పెరగకపోతే వాల్వు కూర్చోనట్టు. ఈ రెండింటి ఖర్చుకీ మధ్య చాలా దూరం ఉంది. ‘ఓకే’ రాస్తే ఆ దూరమంతా మీ జేబులోంచి కాదు కదా.

పెట్రోలు మాట కూడా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసింది. పాత రబ్బరు పైపులు, పెట్రోలు పంపులోని డయాఫ్రం దానికి తట్టుకోవు. ఉబ్బుతాయి, చిట్లుతాయి, ముక్కలు కార్బురేటర్ జెట్టులో ఇరుక్కుంటాయి. ఇథనాల్ గాలిలో తడిని లాగుతుంది కాబట్టి నెలల తరబడి కదలని బండి ట్యాంకు అడుగున నీళ్లు చేరి రేకు తుప్పు పడుతుంది. మీ షోరూమ్‌లో బళ్లు నెలల తరబడి కదలకుండా ఉండటమే కదా పని! ఇథనాల్‌కి ఆగే ఆర్9 రకం పైపు వేసి, అలాంటి డయాఫ్రమే మార్చి, ఎక్కువకాలం నిలిపేముందు ట్యాంకు ఖాళీ చేస్తే సరిపోతుంది. దానికి బదులు మీరు అంబాసిడర్‌లో బ్లూటూత్ స్టీరియో పెట్టించారు. ఆ బండిలో ఉన్నది 22 ఆంపుల డైనమో, ట్రాఫిక్‌లో స్లోలో ఉంటే అదీ ఛార్జి చేయదు. హెడ్‌లైట్లు రెండే పది ఆంపులు తింటాయి. పాట మూడో చరణం బ్యాటరీ పాడాలి.

మేం శనివారం పొద్దున తొమ్మిదికి వస్తున్నాం. చిన్న కోరిక ఒకటే, ఆరోజు మర్యాదలేమీ వద్దు. ముఖ్యంగా మేం వచ్చేలోపు అంబాసిడర్‌ని స్టార్ట్ చేసి అరగంట వేడెక్కించి ఉంచే మర్యాద వద్దు. రాత్రంతా చల్లగా ఉన్న ఇంజనే నిజం చెబుతుంది. మొదటి సెల్ఫ్‌కి సైలెన్సర్‌లోంచి నీలం పొగ గుప్పున వచ్చి తగ్గిపోతే వాల్వు గైడ్లు అరిగాయని, ఎంతకీ తగ్గకపోతే రింగులూ చూడాలని మాకు తెలుస్తుంది. తెల్లపొగ వచ్చి ఆయిల్ మూత కింద మజ్జిగ నురగ కనిపిస్తే గ్యాస్కెట్ సంగతి తెలుస్తుంది. కాఫీ తర్వాత తాగుతాం. రాగానే ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూస్తాం.

ఇట్లు,
పాత దుప్పటి, టార్చిలైటు, అంగుళాల పానాలతో వచ్చేవాళ్లు

తా.క. అయస్కాంతం తిరిగి పంపనక్కర్లేదు. వెనక షెడ్డులో జాబ్‌కార్డు రాసే ఆయనకివ్వండి, ఆయనకు దాంతో పని తెలుసు.