‘అపాత్ర’ మరణాలట!

అపాత్రదానం అన్న మాట మనకు తెలుసు. అపాత్ర మరణం గురించి తెలియాలంటే మాత్రం పెన్‌గంగ ఈవలి ఒడ్డుకు, మహారాష్ట్రలోని యవత్‌మాల్ జిల్లాకు రావాలి. రైతు ప్రాణం తీసుకున్నాక ఇక్కడ జిల్లా కమిటీ కూర్చుని, ఫైలు తిరగేసి, ‘పాత్ర’ (సాయానికి అర్హత ఉంది) అనో ‘అపాత్ర’ (అర్హత లేదు) అనో రాస్తుంది. పాత్ర అయితే ఇంటివాళ్లకు లక్ష రూపాయల సాయం. అపాత్ర అయితే ఏమీ లేదు. వణీ, పాండర్‌కవడా వైపు మరాఠీ సరిగా రాని మన ముసలమ్మలకు కూడా ఈ రెండు మాటలూ నోటికొచ్చేశాయి.

2005 డిసెంబరులో వచ్చిన మహారాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వు పెట్టిన షరతులు ఇవి. సాత్‌బారాలో, అంటే ఇక్కడి భూమి రికార్డులో, కుటుంబం పేరున భూమి ఉండాలి. అప్పు బ్యాంకుదో, సహకార సంఘానిదో, లైసెన్సున్న సావుకారుదో అయ్యుండాలి. పంట పోయి అది తీర్చలేని స్థితిలో, వసూలు ఒత్తిడి వచ్చి ఉండాలి. లైసెన్సు లేని సావుకారు దగ్గర తెచ్చినవాడు అసలు అప్పే చేయనట్టు. కౌలుకు చేసినవాడు రైతే కానట్టు. ఇంట్లో ఎవరి పేరూ సాత్‌బారాలో లేకపోతే, జీవితమంతా పత్తి చేలో నడుం వంచిన ఆడమనిషికి కష్టమే లేనట్టు!

ప్రజల సొమ్ము ఇచ్చేటప్పుడు విచారణ ఉండాలంటారు అధికారులు. ఉండనివ్వండి, కాదనం. కానీ విచారణ ఎందుకన్నది అసలు ప్రశ్న. సాయం ఎవరికివ్వాలో తేల్చుకోవడం వేరు, ఎవరి బాధ నిజమైనదో తేల్చడం వేరు. ఈ కమిటీలు మొదటి పని పేరుతో రెండోది చేస్తున్నాయి.

ఇందులో దారుణమైన కపటం ఒకటుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ఏమంటోంది? ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే ముందు నమ్మాలి, శిక్షించకూడదు, చికిత్స అందించడం ప్రభుత్వం విధి. అంటే గండం గడిచి బయటపడినవాడి బాధను చట్టం రుజువు అడక్కుండా నమ్ముతోంది. పోయినవాడి బాధకు మాత్రం తహసీల్ ఆఫీసు కాగితాలు అడుగుతోంది. బతికినవాణ్ణయినా సరిగా చూస్తున్నారా అంటే, మానసిక వైద్యుడి కోసం పల్లెవాళ్లు జిల్లా కేంద్రం దాకా బస్సెక్కాల్సిందే.

ఈ ముద్రల వల్ల ఇంకో నష్టం ఉంది. ఇంటివాళ్లు నిజం చెప్పడం మానేశారు. మనిషి ఒక్క కారణంతో అంత దూరం వెళ్లడు. అప్పుతో పాటు తాగుడు ఉంటుంది, నయం కాని జబ్బు ఉంటుంది, ఇంట్లో గొడవ, నిద్రపట్టని నెలలు, ఎవరూ పేరు పెట్టని డిప్రెషన్ ఉంటాయి. కమిటీకి మాత్రం అప్పు ఒక్కటే కావాలి. మిగతావి చెబితే ‘అపాత్ర’ అవుతుందని భార్య నోరు కట్టేసుకుంటుంది. ఇక మనకు ఏం అర్థమవుతుంది? (‘అప్పుల బాధ తాళలేక’ అని తయారుగా ఉంచుకున్న శీర్షిక పెట్టేసే మా పత్రికలవాళ్లమూ ఈ తప్పులో భాగస్వాములమే.)

ఫైళ్లు ఇలా నడుస్తుంటే, వేదికల మీద నీతిబోధ మరోవైపు. ధైర్యం లేనివాళ్లే చస్తారట. కష్టాలే మనిషిని రాటుదేలుస్తాయట. ఏ పార్టీ నాయకుడైనా, ఏ స్వామీజీ అయినా పాట ఒక్కటే. కష్టం కొందరిని గట్టిపరిచిన మాట నిజమే. ఆ సంగతి దాటివచ్చినవాడు చెప్పుకోవాలి గానీ, మునుగుతున్నవాడికి ఒడ్డున కూర్చున్నవాడు చెప్పకూడదు. ‘బతికుంటే బలుసాకు తినొచ్చు’ అని మన పెద్దలూ అన్నారు. అయితే ఆ మాటన్న అవ్వ ఊరికే అనలేదు, పక్కన కూర్చుని అన్నం కలిపి పెట్టింది. ఓర్పును పొగిడి, పోయాక అదే మనిషి బాధకు కాగితం అడిగేవాళ్లకు ఆ సామెత వాడే హక్కు లేదు.

నదికి ఆవల తెలంగాణలో 2018 నుంచి ఉన్న రైతుబీమా (రైతుల జీవిత బీమా) రైతు ఎలా పోయాడని అడగదు. ఏ కారణంతో పోయినా అయిదు లక్షలు. ఆ ఒక్క విషయంలో మేలు. అక్కడా పట్టా లేని కౌలుదారుకు సున్నాయే.

మనుషుల్ని కాపాడడం అసాధ్యమేమీ కాదు. శ్రీలంక 1980ల నుంచి అతి విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తూ వచ్చింది. 1995 తర్వాతి రెండు దశాబ్దాల్లో అక్కడ ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం పడిపోయింది. అక్కడి రైతు కష్టాలేమీ మాయం కాలేదు. ఆ పాడు ఘడియలో చేతికందేది మారింది, అంతే. ఆ ఘడియ దాటినవాళ్లలో చాలామంది మళ్లీ అటు వెళ్లరు. 14416కు ఫోన్ చేస్తే టెలిమానస్‌ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌లో రాత్రీ పగలూ ఉచితంగా మాట్లాడతారు, భాష ఎంచుకోవచ్చు. మనసు బాగోలేనివాళ్లూ, ఇంట్లో ఎవరి గురించైనా భయపడుతున్నవాళ్లూ చేయండి. ఆ నంబరు ప్రతి కృషి కేంద్రం గోడ మీద, పురుగుమందు కొనేచోట కనబడాలి కదా. ఎన్ని చోట్ల ఉందో కలెక్టరుగారు ఒక్కసారి కారు దిగి చూడాలి.

కమిటీ సభ్యులకు ఒక మాట. ఈసారి ‘అపాత్ర’ అని రాసేముందు, ఆ మనిషి బతికున్న రోజుల్లో మీ శాఖల నుంచి ఆ గడప ఎవరు తొక్కారో, ఏ తారీఖున తొక్కారో అదే కాగితం మీద రాయండి. రాయడానికి పేరే లేకపోతే, ఆ ముద్ర ఎవరి మీద వేయాలో మీరే తేల్చుకోండి.