కాగితంలో లేని అడవి, కాగితం అడిగిన వెలివాడ

2025 ఉగాది రోజు, మార్చి 30న, జనమంతా పచ్చడి తిని టీవీలో పంచాంగ శ్రవణం వింటుంటే కంచ గచ్చిబౌలిలో జేసీబీలు దిగాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న 400 ఎకరాలు. వరుసగా సెలవులు, కోర్టులు తెరిచి ఉండవు, ముహూర్తం బాగానే చూసుకున్నారు. అడ్డం వెళ్లిన విద్యార్థులను పోలీసులు ఈడ్చుకుపోయారు, ఇద్దరిని జైలుకు పంపారు. లైట్లు పెట్టి రాత్రిపూట చెట్లు కూలుస్తుంటే చీకట్లో నెమళ్లు అరుస్తున్న వీడియో నాకే ఒక్క పూటలో ఏడు గ్రూపుల్లో వచ్చింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. ఆ రోజు కోర్టుకు అందిన నివేదిక ప్రకారం అప్పటికే దాదాపు 100 ఎకరాలు ధ్వంసమైపోయాయి.

నేనూ ఆ వీడియో ఫార్వర్డ్ చేసినవాడినే. అయితే ఆ వారమంతా ఒక విషయం నన్ను గిల్లుతూనే ఉంది. ఇదే క్యాంపస్‌లో 2016 జనవరి చలిలో, యూనివర్సిటీ సస్పెండ్ చేసి హాస్టల్ గదులకు తాళాలు వేసిన ఐదుగురు దళిత విద్యార్థులు షాప్‌కామ్ (క్యాంపస్ దుకాణాల సముదాయం) దగ్గర ఆరుబయట పడుకున్నారు. వాళ్లలో ఒకడైన పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల అంబేడ్కర్ పటం చేత్తో పట్టుకుని హాస్టల్ నుంచి బయటికి వస్తున్న ఫొటో మీరు చూసే ఉంటారు. క్లాసులకు వెళ్లొచ్చు, హాస్టల్‌కీ పాలనా భవనానికీ రాకూడదు, నలుగురు కూడే చోట గుంపుగా కనిపించకూడదు. ఊళ్లో దీన్ని ఏమంటారో వాళ్లకు తెలుసు, అందుకే తమ గుడారానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారు. జనవరి 17న రోహిత్ ఆత్మహత్య చేసుకునేదాకా బయటి ప్రపంచంలో దాన్ని పట్టించుకున్నవాళ్లు ఎంతమంది? నెమలి అరుపుకు రాత్రికి రాత్రి కదిలిన నగరం ఆ పన్నెండు పదమూడు రోజులు హాయిగా నిద్రపోయింది. నెమలి మీద నాకేం కోపం లేదు, ఆ నగరంలో నేనూ ఉన్నాను.

రెండు గొడవల్లోనూ ప్రభుత్వం, దాని అధికారులు చేతిలో పట్టుకున్న ఆయుధం మాత్రం ఒక్కటే. కాగితం.

400 ఎకరాల సంగతి చూడండి. ఆరు సూత్రాల పథకం కింద 1974లో ఈ యూనివర్సిటీ వచ్చింది, ఇందిరాగాంధీ ప్రభుత్వం తెలంగాణ, ఆంధ్ర ఉద్యమాల తర్వాత ఇచ్చిన హామీ అది. సుమారు 2,300 ఎకరాలు ఇచ్చారు, ఇచ్చామన్నారు, కానీ పట్టా మాత్రం యూనివర్సిటీ పేరు మీదకి మారలేదు. 2004లో అప్పటి ప్రభుత్వం అందులో 400 ఎకరాలు ఐఎంజీ భారత అనే క్రీడల కంపెనీకి కట్టబెట్టింది, 2006లో తర్వాతి ప్రభుత్వం రద్దు చేసింది, కేసు దాదాపు పద్దెనిమిదేళ్లు నడిచి 2024లో సర్కారే గెలిచింది. గెలిచాక ఐటీ పార్కు అన్నారు, వేలం అన్నారు. రికార్డుల్లో ఇది సర్కారీ పోరంబోకు, ఎక్కడా అడవి అని లేదన్నారు. అక్కడ జింకలూ పులులూ లేవు, గుంటనక్కలే ఉన్నాయని ముఖ్యమంత్రి అసెంబ్లీలోనే అన్నారు.

అడవి అంటే ఏమిటో 1996లోనే గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రికార్డులో ఏం రాసుకున్నా, ఎవరి పేరున ఉన్నా, నిఘంటువు ప్రకారం అడవి అనిపించుకునేదల్లా అడవే. అంటే చెట్టు సర్టిఫికెట్ చూపించక్కర్లేదు, కంటికి కనపడితే చాలు.

రోహిత్‌కి ఆ సౌకర్యం లేదు. చనిపోయిన కొన్నాళ్లకే అతను దళితుడా కాదా అన్న తవ్వకం మొదలైంది. తండ్రి కులం ఏది, తల్లిని ఎవరు పెంచారు, ఎమ్మార్వో ఇచ్చిన సర్టిఫికెట్ చెల్లుతుందా? కేసు మూసేస్తూ పోలీసులు ఇచ్చిన, 2024 మే నెలలో బయటికొచ్చిన నివేదిక కూడా ఆ కాగితం చుట్టూనే తిరిగింది, గొడవయ్యాక మళ్లీ దర్యాప్తు చేస్తామన్నారు. వెలివాడ గుడారం అందరి కంటికీ కనపడింది. కానీ కనపడితే చాలు అని అతని విషయంలో ఏ కోర్టూ అనలేదు. క్యాంపస్‌లలో వివక్షను ఆపడానికి యూనివర్సిటీలను అజమాయిషీ చేసే యూజీసీ 2012లోనే నిబంధనలు తెచ్చింది, అవి అమలు కావడం లేదని 2019లో రోహిత్ తల్లి రాధిక వేముల, కుల వేధింపులకు గురై ముంబైలో ప్రాణం తీసుకున్న యువ డాక్టర్ పాయల్ తడ్వీ తల్లి ఆబేదా తడ్వీ సుప్రీంకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.

ఇక్కడ ఎన్విరాన్‌మెంట్ మిత్రులకు కొంచెం కోపం రావొచ్చు. క్యాంపస్ పర్యావరణం అనగానే మనం పక్షుల లెక్క మొదలుపెడతాం, నీళ్ల లెక్క అడగం. నేను చదువుకున్న క్యాంపస్‌లో (పేరెందుకులెండి) ఏప్రిల్ వచ్చేసరికి బోర్లు ఎండిపోయేవి. అమ్మాయిల హాస్టల్ ముందు పొద్దున ఐదింటికే బకెట్ల వరుస, ట్యాంకర్ ఎప్పుడొస్తుందో తెలీదు. అదే టైముకి గెస్ట్‌హౌస్ లాన్‌లో స్ప్రింక్లర్లు గిరగిరా తిరుగుతుండేవి, కాలేజీలకు గ్రేడ్లిచ్చే నాక్ బృందం వచ్చే వారమైతే మరీనూ. మెట్లు తుడిచే ఒకావిడ, కాంట్రాక్టు మనిషి, నాలుగు అంతస్తులకు రెండు బకెట్ల నీళ్లు సర్దుకునేది. మధ్యాహ్నం సెక్యూరిటీ వాళ్లు లాన్ మీద కూర్చోనివ్వరు కాబట్టి సైకిల్ స్టాండ్ వెనక తుమ్మచెట్టు కింద టిఫిన్ డబ్బా విప్పేది. ఆ ఏడాది మా క్యాంపస్‌కి పచ్చదనానికి ఏదో అవార్డు కూడా వచ్చింది. తర్వాత ఏడాది పార్కింగ్ కోసం ఆ తుమ్మచెట్టు కొట్టేశారు, పిచ్చి చెట్టేగా అన్నారు.

పిచ్చి చెట్టు, బీడు, పోరంబోకు, వృథా భూమి, ఇవన్నీ పైనుంచి చూసేవాళ్లు పెట్టిన పేర్లు. అసలు కంచ అంటే పశువుల మేతకు వదిలిన నేల. యూనివర్సిటీ గోడ రాకముందు ఆ బండల మధ్య చుట్టుపక్కల ఊళ్లవాళ్లు గొర్రెలూ మేకలూ తోలుకున్నారు. గోడ వచ్చాక వాళ్లు బయటివాళ్లయ్యారు. అడవిని కాపాడుకుందాం అన్న నినాదంలోనూ వాళ్ల ఊసు పెద్దగా వినలేదు. అయినా 2025లో ముందు నిలబడి లాఠీలు తిన్నవాళ్లలో అంబేడ్కర్ విద్యార్థి సంఘం వాళ్లూ ఉన్నారు, వామపక్షాల పిల్లలూ ఉన్నారు. వాళ్లకు ఈ రెండూ ఒకటే గొడవ అని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. చెప్పాల్సింది మనలాంటి ఫార్వర్డ్ బ్యాచ్‌కే.

యూనివర్సిటీకి అంత భూమి ఎందుకండీ అని మొన్న మా బాబాయి కూడా అడిగాడు. 2024 మొదట్లో రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం భూమి 100 ఎకరాలు హైకోర్టు కొత్త భవనానికి ఇచ్చినప్పుడూ ఇదే ప్రశ్న. పొలం మీద పరిశోధన చేసే చోట పొలం ఎందుకని అడగడం! పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో ఇంట్లో మొదటిసారి పీజీ దాకా వచ్చిన పిల్లకు గచ్చిబౌలిలో తలదాచుకునే చోటు ఆ ప్రభుత్వ భూమిలో కట్టిన హాస్టల్ ఒక్కటే. గేటు దాటితే రోడ్డవతల ప్రైవేటు హాస్టల్లో మంచం అద్దె ఎంతో కనుక్కోమన్నాను బాబాయిని. కనుక్కున్నాడు, మళ్లీ ఆ టాపిక్ ఎత్తలేదు.